1,840 పాయింట్లంటే ఎన్ని రూపాయలు?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ఆరోగ్య బీమా సంస్థ ఐటీ విభాగంలో ప్రొడక్ట్ ఓనర్‌ని, అంటే టీమ్ ఏ పని ముందు చేయాలో తేల్చేది నేనే. మా టీమ్‌లో ఎనిమిది మంది ఉన్నాం. కస్టమర్లు ఆస్పత్రి బిల్లులు పెట్టుకునే రీయింబర్స్‌మెంట్ పోర్టల్ మా చేతిలో ఉంది. ఏడాది కిందట మా వైస్ ప్రెసిడెంట్ గారు పనులు నమోదు చేసుకునే జిరా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి స్టోరీకీ, అంటే ప్రతి చిన్న పనికీ, 'బిజినెస్ వాల్యూ' అని 1 నుంచి 100 వరకు ఒక అంకె వేయమన్నారు. ఆ అంకెలు కూడి ప్రతి స్ప్రింట్ (రెండు వారాల పని విడత) చివర చార్ట్ చూపిస్తున్నాం. చార్ట్ ప్రతి క్వార్టర్‌కీ పైకే వెళ్తోంది. మొన్న రివ్యూలో ఫైనాన్స్ హెడ్ "ఈ 1,840 పాయింట్లంటే ఎన్ని రూపాయలు?" అని అడిగితే ఎవరమూ నోరు విప్పలేకపోయాం. ఇంకోవైపు, పోర్టల్‌లో వాడే ఒక పాత లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) అప్‌గ్రేడ్‌కి 5 పాయింట్లు పడ్డాయి కాబట్టి అది నెలల తరబడి బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) అడుగునే ఉంది. ఈ ఏడాది నుంచి అప్రైజల్‌లోనూ ఈ పాయింట్లు చూస్తామంటున్నారు. టీమ్ అంతా టెన్షన్‌లో ఉంది. మేం చేసే పనికి బిజినెస్ విలువ అసలు ఎలా కొలవాలి? వచ్చే నెల మళ్లీ రివ్యూ ఉంది.
— పేరు వద్దన్న పాఠకురాలు, కొండాపూర్

సమాధానం: ఆ ఫైనాన్స్ హెడ్ అడిగింది సరైన ప్రశ్న. ఆ క్షణంలో మీకు ఇబ్బందిగా అనిపించి ఉంటుంది గానీ, చార్ట్ చూసి తలూపి ఊరుకున్న వాళ్లందరికంటే ఆయనే మీకు మేలు చేశారు. ముందుగా ఒక మాట నిక్కచ్చిగా చెప్పేస్తాను: 1,840 పాయింట్లను రూపాయల్లోకి మార్చే దారి లేదు. పాయింట్‌కి ఇన్ని రూపాయలని ఒక రేటు కట్టి చూపిద్దామన్న ఆలోచన మీ టీమ్‌లో ఎవరికైనా వస్తే, దయచేసి అక్కడే ఆపండి. ఆ రేటు ఎలా వచ్చిందని వచ్చే రివ్యూలో అడుగుతారు. అప్పుడు ఇప్పటికంటే గట్టిగా ఇరుక్కుంటారు.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే దారి ఎందుకు లేదో అర్థమవుతుంది. పెద్ద సంస్థల్లో వాడే 'సేఫ్' (SAFe) అనే సాఫ్ట్‌వేర్ పని పద్ధతిలో పనుల వరస తేల్చడానికి ఒక లెక్క ఉంది. వాడేవాళ్లకూ బిజినెస్‌కూ ఎంత ఉపయోగం, ఎంత తొందర, ఎంత రిస్క్ తగ్గుతుంది లేదా ఏ కొత్త అవకాశం దొరుకుతుంది అన్న మూడింటికీ తలా ఒక అంకె వేసి, కూడి, పని సైజుతో భాగిస్తారు. ఎక్కువ వచ్చిన పని ముందు చేస్తారు. ఆ అంకెలన్నీ పక్కనున్న పనితో పోల్చి వేసినవే. ఏది ముందు, ఏది వెనక అని తేలిపోయాక వాటితో ఇక పని లేదు. జనవరిలో వేసిన 80, జూన్‌లో వేసిన 80 ఒకటేనని చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు. వాటిని కూడి చార్ట్ గీయడమంటే, ఒక క్లాసులో పిల్లల ర్యాంకులన్నీ కూడి ఆ క్లాసు ఎంత నేర్చుకుందో చెప్పబోవడమే. మీ వైస్ ప్రెసిడెంట్ గారి ఉద్దేశం మంచిదే. టీమ్ గంటల గురించి కాకుండా విలువ గురించి మాట్లాడాలని ఆయన కోరుకున్నారు. అందుకు ఆయన పట్టుకున్న కొలత మాత్రం వరస పెట్టడానికి పుట్టింది, మొత్తం చెప్పడానికి కాదు.

పని ఎంత పెద్దదో చెప్పడానికి వేసే స్టోరీ పాయింట్లకు కూడా ఇదే గతి పట్టింది. 1990ల చివర ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతి పాటించేవాళ్లు మొదట పనిని 'ఐడియల్ డేస్'లో అంచనా వేసేవారు, అంటే ఏ అడ్డంకీ లేకుండా కూర్చుంటే పట్టే రోజులు. ఒక రోజు పనికి మూడు రోజులు ఎందుకు పడుతోందని పైవాళ్లు అడుగుతుంటే, రోజులన్న మాట తీసేసి పాయింట్లన్నారు. ఆ పాయింట్లను బహుశా తానే కనిపెట్టానని, అదే నిజమైతే ఇప్పుడు అందుకు విచారిస్తున్నానని ఆ పద్ధతి మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన రాన్ జెఫ్రీస్ స్వయంగా రాశారు. టీమ్‌లను ఒకదానితో ఒకటి పోల్చడానికి, ఒత్తిడి పెట్టడానికి వాటిని వాడటం చూసి ఆయన ఆ మాట అన్నారు. మీకు రివ్యూలో పనికొచ్చే ఇంకో సంగతి: స్ప్రింట్లుగా పని చేసే స్క్రమ్ పద్ధతికి మూలమైన 2020 స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ల ప్రస్తావన లేదు, వెలాసిటీ (ఒక స్ప్రింట్‌లో పూర్తయ్యే పాయింట్లు) ప్రస్తావన కూడా లేదు. ప్రొడక్ట్ విలువ వీలైనంత పెంచే బాధ్యత ప్రొడక్ట్ ఓనర్‌దని మాత్రం అందులో స్పష్టంగా ఉంది. అంటే ఈ ప్రశ్నకు జవాబు వెతకాల్సిన మనిషి మీరే. వెతుకుతున్నందుకు నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే చాలామంది వెతకరు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కూర్చుని, ఇలాంటి పద్ధతులన్నిటి వెనకున్న సూత్రాలు చెప్పే అజైల్ మేనిఫెస్టో రాసినప్పుడు, పని చేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి ప్రధాన కొలమానం అన్నారు. ఆ రోజుల్లో అది పెద్ద మాట. ఏళ్ల తరబడి డాక్యుమెంట్లు రాసి, చివరికి ఏమీ నడవని ప్రాజెక్టులు అప్పట్లో బోలెడు. మీ పరిస్థితి వేరు. మీరు రెండు వారాలకోసారి పని చేసే సాఫ్ట్‌వేర్ ఇస్తూనే ఉన్నారు. కాబట్టి మీ ముందున్నది దాని తర్వాతి ప్రశ్న: ఇచ్చినదానివల్ల ఎవరికి ఏం మారింది?

విలువ స్టోరీలో ఉండదు. "అప్‌లోడ్ పేజీలో ఫైలు సైజు చూపించాలి" అన్న స్టోరీకి విడిగా రూపాయి విలువ కట్టమంటే ఎంత తెలివైనవాళ్లయినా గాల్లోంచి ఒక అంకె తీయాల్సిందే. ఆ స్టోరీ, దానితోపాటు ఇంకో ఐదారు కలిసి, ఒక మనిషి చేసే పనిని మార్చినప్పుడు డబ్బు కనిపిస్తుంది. మీ విషయంలో ఆ మనుషులు ఇద్దరు. ఒకరు బిల్లులు పెట్టే కస్టమర్. రెండోవారు ఆ బిల్లులు చూసే క్లెయిమ్ డెస్క్ ఉద్యోగి. కాబట్టి కొలతను స్టోరీ నుంచి ఒక మెట్టు పైకి, లక్ష్యం దగ్గరికి తీసుకెళ్లండి. ఒక లక్ష్యం కింద నాలుగు స్టోరీలుండొచ్చు, పదీ ఉండొచ్చు. కానీ విలువ అడగాల్సింది లక్ష్యాన్నే.

అది ఎలాగో చెప్పేముందు ఒక పని చేసి రండి. మీ క్లెయిమ్ డెస్క్ దగ్గర ఒక పూట కూర్చోండి. ఒక డెవలపర్‌ని, ఒక టెస్టర్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇలాంటి డెస్క్ దగ్గర నేను కూర్చున్నప్పుడు చూసింది చెబుతాను. ఒక క్లెయిమ్‌లో డిశ్చార్జ్ సమ్మరీ మూడు పేజీలు. డాక్టర్ సంతకం ఉన్న మూడో పేజీ అప్‌లోడే కాలేదు. ఇంకోదాంట్లో ఫైనల్ బిల్లు ఫొటో ఉంది, కానీ ఆస్పత్రి స్టాంపు పడ్డ మూలకు బొటనవేలు అడ్డొచ్చింది. మరోదాంట్లో క్యాన్సిల్డ్ చెక్ మీద ఖాతాదారు పేరు ప్రింట్ కాలేదు. అలాంటప్పుడు పాస్‌బుక్ మొదటి పేజీ కూడా పెట్టాలి. ఆ సంగతి పోర్టల్‌లో ఎక్కడా లేదు. డెస్క్ మీద ఉన్న అమ్మాయి ఫైలు తెరిచి, లోపం చూసి, డ్రాప్‌డౌన్‌లో కారణం ఎంచుకుని, క్వెరీ (లోపం సరిచేయమని కస్టమర్‌ని అడగడం) రైజ్ చేసి పక్కన పెట్టేస్తోంది. రెండు రోజుల తర్వాత అదే కస్టమర్‌కి ఫోన్. ఆయన ఎత్తడు, మళ్లీ ఫోన్. ఆ ఫోన్‌కి అవతల, అప్పు తెచ్చి ఆస్పత్రికి కట్టి, బీమా డబ్బు వస్తే తీర్చేద్దామని చూస్తున్న కుటుంబం ఉంటుంది. మీ పనికి విలువ అక్కడుంది. ఆ డ్రాప్‌డౌన్‌లో నమోదైన కారణాల లెక్క మీ సంస్థ దగ్గర ఎప్పటినుంచో ఉండే ఉంటుంది, తీసి చూసినవాళ్లే ఉండరు.

ఇప్పుడు లెక్క. అంకెలు నేను ఊహించినవి, మీవి వేసుకోండి. నెలకి 6,000 రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్‌లు వస్తాయనుకుందాం. వాటిలో 35 శాతానికి, అంటే 2,100 క్లెయిమ్‌లకు, పత్రాలు సరిగా లేవని క్వెరీ పడుతోంది. ఒక్కో క్వెరీకి ఉద్యోగి సమయం, ఫోన్లు, మళ్లీ ఫైలు తెరవడం అన్నీ కలిపి 180 రూపాయలు ఖర్చవుతోందనుకుందాం. నెలకు 3.78 లక్షలు. అప్‌లోడ్ చేసేటప్పుడే ఏ పత్రం లోపించిందో కస్టమర్‌కి చెప్పగలిగితే క్వెరీలు 20 శాతానికి దిగొస్తాయని మీ అంచనా. అప్పుడు 900 క్వెరీలు తగ్గుతాయి, నెలకు 1.62 లక్షలు మిగులుతాయి. ఈ పనికి సగం టీమ్ ఒక నెల కూర్చోవాలి, ఖర్చు 8 లక్షలు. ఐదు నెలల్లో పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఫైనాన్స్ వాళ్లకి అర్థమయ్యే భాష ఇది.

ఆ 180 రూపాయల అంకె మాత్రం మీరు వేయకండి. ఫైనాన్స్ విభాగంలో ఒకరి పక్కన అరగంట కూర్చుని వాళ్ల చేతే వేయించండి. వాళ్లు 140 అంటే 140 పెట్టండి. వాళ్లు వేసిన అంకె అయితే రివ్యూలో దాని మీద చర్చ జరగదు, పని మీద జరుగుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మంచి లెక్కలు రివ్యూ గదిలో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకోటి, 20 శాతానికి తగ్గుతుందని ఒకే అంకె చెప్పకండి. మీకు తెలియదు కదా. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని టీమ్‌ని, డెస్క్ వాళ్లని అడగండి. 30కి మాత్రమే దిగితే నెలకు మిగిలేది 54,000, పెట్టిన డబ్బు రావడానికి దాదాపు 15 నెలలు. 15కి దిగితే 2.16 లక్షలు, నాలుగు నెలల లోపే వచ్చేస్తుంది. నాలుగు నెలలకీ పదిహేను నెలలకీ మధ్య ఇంత తేడా ఉందంటే, కోడ్ రాయడానికి ముందు తెలుసుకోవాల్సింది ఏదో మిగిలే ఉందన్నమాట. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కదాన్నే తీసుకుని, "మీ సమ్మరీ చివరి పేజీలో డాక్టర్ సంతకం ఉందా?" అని అప్‌లోడ్ పేజీలో ఒక్క వాక్యం పెట్టండి. రెండు వారాలు సగం మందికే చూపించండి. ఆ సగానికీ మిగతా సగానికీ క్వెరీల్లో తేడా చూడండి. తేడా లేకపోతే మీ 8 లక్షల పని గురించి మళ్లీ ఆలోచించాలి.

సగం మందికే ఎందుకంటే, అందరికీ ఒకేసారి పెడితే క్వెరీలు మీ మార్పు వల్లే తగ్గాయో, అదే నెలలో డెస్క్‌కి ఇచ్చిన ట్రైనింగ్ వల్ల తగ్గాయో తేల్చలేరు. కొన్ని చోట్ల ఇలా విడగొట్టడం కుదరదు. అప్పుడు రిలీజ్‌కి ముందు కొన్ని వారాల అంకె రాసిపెట్టుకుని, ఆ సమయంలో ఇంకేం మారాయో పక్కనే నోట్ చేయండి. లెక్క అంత గట్టిగా ఉండదు, కానీ పాయింట్ల కంటే ఎంతో మేలు.

ఇంత జాగ్రత్త ఎందుకో చెప్పడానికి మైక్రోసాఫ్ట్ అనుభవం ఒకటి చెప్పుకోవాలి. అక్కడ ప్రయోగాల విభాగాన్ని నడిపిన రాన్ కొహావీ బృందం, తాము పరీక్షించిన ఆలోచనల్లో ఏ అంకెను మెరుగుపరచడానికి చేశారో ఆ అంకెను నిజంగా మెరుగుపరచినవి మూడో వంతే అని రాసింది. అక్కడ పని చేసేవాళ్లు తక్కువవాళ్లు కాదు. అయినా మూడింట రెండు వంతుల అంచనాలు తప్పాయి. దీనికి రెండో వైపు కూడా ఉంది. 2012లో బింగ్ సెర్చ్‌లో ప్రకటనల శీర్షిక చూపించే తీరును కొంచెం మార్చాలని ఒక ఉద్యోగి సూచించారు. ఇంజినీర్‌కి కొన్ని రోజుల పని. దాని విలువ తక్కువేనని అనుకుని ప్రోగ్రామ్ మేనేజర్లు పక్కన పెట్టేశారు. ఆరు నెలలకు పైగా అది అలాగే పడి ఉంది. చివరికి ఒక ఇంజినీర్ పోనీలే అని దాన్ని టెస్ట్‌లో పెడితే, కొన్ని గంటల్లోనే ఆదాయం మరీ ఎక్కువగా వస్తోందని, ఎక్కడో తప్పు జరిగి ఉంటుందని సిస్టమ్ హెచ్చరిక ఇచ్చింది. తప్పేమీ లేదు. ఆదాయం 12 శాతం పెరిగింది, అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైగా. అదే మీ జిరాలో ఉంటే దానికి ఎన్ని పాయింట్లు పడి ఉండేవో ఆలోచించండి. ముందుగా వేసే అంకె పందెం లాంటిదే. పందెం వేయండి, తప్పులేదు. ఫలితం వచ్చాక చూడకపోవడమే తప్పు. మీ చార్ట్‌లో లేనిది సరిగ్గా అదే. స్టోరీ 'డన్' కాగానే 80 పాయింట్లు వచ్చినట్టు రాసేసుకుంటున్నారు. ఆ తర్వాత ఆ ఫీచర్‌ని ఎంతమంది వాడారో ఎవరికీ తెలియదు.

కాబట్టి ప్రతి లక్ష్యానికీ రిలీజ్ రోజే ఇంకో తేదీ క్యాలెండర్‌లో వేయండి. మీ విషయంలో ఆరు వారాల తర్వాత అయితే సరిపోతుంది, ఈలోపు క్లెయిమ్‌లు వచ్చి, చూసి, తేలడానికి సమయం దొరుకుతుంది. ఆ రోజు టీమ్ అంతా అరగంట కూర్చుని ముందు ఏం అనుకున్నాం, ఏం జరిగింది అని చూస్తారు. మొదటి రెండు మూడు సార్లు అంచనాలు ఘోరంగా తప్పుతాయి. కంగారు పడకండి. కొన్నాళ్లకి మీ వాళ్ల అంచనాలు ఎంత మెరుగవుతాయో చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక్కడొక ప్రమాదం ఉంది, దీన్ని గట్టిగా పట్టించుకోండి. క్వెరీలు తగ్గించడం చాలా తేలిక. అన్ని పత్రాలూ పెట్టనిదే సబ్మిట్ బటన్ పని చేయకుండా చేస్తే చాలు, క్వెరీలు రాత్రికి రాత్రే పడిపోతాయి. చార్ట్ అద్భుతంగా ఉంటుంది. కానీ చెక్‌బుక్ లేని పెద్దాయన, ఫోన్‌లో మనవడి చేత అప్‌లోడ్ చేయిస్తున్న బామ్మ సగంలోనే ఆగిపోతారు. వాళ్ల క్లెయిమ్ మీ లెక్కలోకే రాదు. అందుకని ఒక అంకెను తగ్గించాలనుకున్నప్పుడల్లా, దానివల్ల పాడయ్యే అవకాశమున్న ఇంకో అంకెను పక్కనే పెట్టుకోవాలి. మీకైతే మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన క్లెయిమ్‌ల సంఖ్య. క్వెరీలు తగ్గి, వదిలేసినవి పెరిగితే, అది విజయం కాదని రివ్యూలో మీరే ముందుగా చెప్పండి. వీటితోపాటు మూడో అంకె కూడా చూపించాలని నా కోరిక: క్లెయిమ్ పెట్టిన రోజు నుంచి కస్టమర్ ఖాతాలో డబ్బు పడిన రోజు వరకు ఎన్ని రోజులు. దాన్ని రూపాయల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి. రోజులుగానే చూపించండి. బీమా తీసుకున్న మనిషికి కంపెనీ ఇచ్చిన మాట ఆ రోజుల్లోనే తెలుస్తుంది. విలువంటే అన్నీ డబ్బుగా మారాలన్న నియమం లేదు.

ఏది ముందు చేయాలన్న గొడవ వచ్చినప్పుడు, ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఒక నెల ఆలస్యమైతే ఎంత పోతుంది? ఒక్కటే లెక్కగట్టే వీలుంటే ఆలస్యం ఖర్చే లెక్కగట్టండని, ప్రొడక్ట్ తయారీ మీద పుస్తకాలు రాసిన డాన్ రైనర్ట్‌సెన్ ఏళ్లుగా చెబుతున్నారు. పై లెక్కలో పత్రాల పని రెండు నెలలు వెనక్కి జరిగితే పోయేది 3.24 లక్షలు. ఆ రెండు నెలలూ కొత్త డ్యాష్‌బోర్డ్ చేద్దామని ఎవరైనా అంటే, ఆ డ్యాష్‌బోర్డ్ వల్ల అంతకంటే ఎక్కువ వస్తుందా అని నెమ్మదిగా అడగొచ్చు. 90 పాయింట్లా 85 పాయింట్లా అన్న వాదన కంటే ఈ ప్రశ్న చాలా తొందరగా తేలుతుంది.

మీ లైబ్రరీ అప్‌గ్రేడ్‌కి కూడా ఇదే ప్రశ్న సరిపోతుంది. దానికి 5 పడటంలో ఆశ్చర్యం లేదు, వాడేవాళ్లకు కొత్తగా కనిపించేది ఏమీ లేదు కాబట్టి. కానీ దాన్ని ఉపయోగంతో కొలవకూడదు, చేయకపోతే జరిగేదానితో కొలవాలి. ఆ పాత వెర్షన్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఏ తేదీకి ఆగిపోతాయి? ఆ తర్వాత లోపం బయటపడితే, రోగుల వివరాలున్న పోర్టల్‌ని ఎన్ని రోజులు మూసుకోవాలి? దాని పుణ్యమా అని ఇప్పుడు ప్రతి రిలీజ్‌కీ చేతితో చేస్తున్న టెస్టింగ్ ఎన్ని గంటలు? ఆ గంటలు లెక్కేయడానికి ఒక స్ప్రింట్ చాలు.

పాత కోడ్‌ని ఊరికే వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే నైట్ క్యాపిటల్ సంగతి ఉంది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో పెద్ద ట్రేడింగ్ సంస్థ అది. 2012 ఆగస్టు 1న కొత్త కోడ్ పెట్టారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి ఆ కోడ్ వెళ్లలేదు. అందులో 2003 నుంచి వాడని పాత కోడ్ తొలగించకుండా అలాగే ఉంది. కొత్త సిస్టమ్ వాడిన ఒక ఫ్లాగ్ (స్విచ్ లాంటి గుర్తు) ఆ పాత కోడ్‌ని మళ్లీ నిద్ర లేపింది. అది ఆపకుండా ఆర్డర్లు పెట్టుకుంటూ పోయింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరుసటి ఏడాదికి ఆ సంస్థ ఇంకో సంస్థలో కలిసిపోయింది. ఆ పాత కోడ్ తీసేసే పనికి అంతకుముందు ఏ బ్యాక్‌లాగ్‌లో ఎవరు విలువ కట్టినా మహా అయితే మీ 5 లాంటి అంకే పడి ఉండేది. మీ పోర్టల్‌కి ఇంత జరుగుతుందని అనడం లేదు. కానీ ఇలాంటి పనులను ఫీచర్లతో ఒకే త్రాసులో తూచకూడదని మాత్రం గట్టిగా నమ్ముతాను. ప్రతి స్ప్రింట్‌లో కొంత వాటా ముందే పక్కన పెట్టి, అందులో ఏం చేయాలో టెక్ లీడ్‌కి వదిలేయండి. నియంత్రణ సంస్థ ఆదేశాల వల్ల చేసే పనులకు కూడా విలువ పాయింట్లు వద్దు. గడువు తేదీ రాస్తే చాలు.

అప్రైజల్ సంగతి. 1975లో బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్య విధానం గురించి రాస్తూ, ఒక కొలతను అదుపు చేయడానికి వాడటం మొదలుపెడితే అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న అర్థం వచ్చే మాట చెప్పారు. మీ చార్ట్ ఎందుకు పైకే వెళ్తోందో ఇప్పుడు తెలిసిందిగా. ఎవరూ మోసం చేయలేదు. తమ స్టోరీ ముందు రావాలని ఒకరు 70 వేశారు, పక్కవాళ్లు 75 వేశారు, ఏడాదికి అందరూ 90ల్లోకి వచ్చేశారు. జీతాలు కూడా దానికి ముడిపెడితే వచ్చే ఏడాది 100కి తక్కువ స్టోరీ ఉండదు. ఈ మాట మీ వైస్ ప్రెసిడెంట్ గారికి ఇప్పుడే, రివ్యూకి ముందే, విడిగా కలిసి చెప్పండి. అందరి ముందూ చెబితే ఆయన తన నిర్ణయాన్ని వెనకేసుకు రావాల్సి వస్తుంది. నేను పెట్టిన లెక్కల్ని కూడా, అంటే క్వెరీల శాతం, రోజులు వగైరా, అప్రైజల్‌కి ముడిపెట్టవద్దని అడగండి. మూడింట రెండు ఆలోచనలు ఫలించని చోట, ఫలించనందుకు మార్కులు కోస్తే, ఫలించలేదన్న సంగతి ఎవరూ బయటపెట్టరు. టీమ్‌ని చూడాల్సింది ఇంకో చోట: ముందు అంచనా రాసిపెట్టారా, తర్వాత తిరిగి చూశారా, తప్పని తేలినదాన్ని తొందరగా ఆపగలిగారా. వీటికి మేనేజర్ కళ్లతో చూసి ఇచ్చే మాట సరిపోతుంది, ఫార్ములా అక్కర్లేదు.

వచ్చే నెల రివ్యూకి ఒక్క పేజీ తీసుకెళ్లండి. పోయిన ఏడాది పాయింట్లను సమర్థించుకోవడానికి సమయం వృథా చేయకండి. "వాటిని రూపాయల్లో చెప్పలేం సార్, వరస పెట్టుకోవడానికి వేసుకున్నాం. ఇకనుంచి ఇలా చూపిస్తాం" అని ఒక్క వాక్యంలో ముగించండి. తర్వాత ఒకే ఒక్క లక్ష్యం: ఈరోజు క్వెరీల వాటా ఎంత, ఒక్కోదాని ఖర్చు ఫైనాన్స్ వాళ్ల లెక్క ప్రకారం ఎంత, తగ్గితే నెలకు ఎంత నుంచి ఎంత వరకు మిగలొచ్చు, రెండు వారాల చిన్న ప్రయోగం ఎప్పుడు మొదలవుతుంది, ఏ తేదీన ఫలితం చెబుతారు. వదిలేసిన క్లెయిమ్‌ల సంఖ్య కూడా అదే పేజీలో ఉండాలి. ఏడెనిమిది లక్ష్యాలు పెట్టాలన్న ఉబలాటం వస్తుంది, పెట్టకండి. ఎనిమిది మంది టీమ్ ఒక క్వార్టర్‌లో నిజంగా తిరిగి చూడగలిగేవి ఒకటో రెండో. జిరాలో ఆ ఫీల్డ్ తీసేయమని కూడా ఇప్పుడే అడగక్కర్లేదు. స్ప్రింట్ ప్లానింగ్‌లో వరస కోసం వాడుకోండి, కూడటం మాత్రం మానేయండి.

రివ్యూలో ఏమన్నారో రాయండి. ప్రయోగంలో క్వెరీల వాటా ఏమాత్రం కదలకపోయినా రాయండి. డ్రాప్‌డౌన్‌లో ఏ కారణం కింద ఎన్ని పడ్డాయో ఆ పట్టిక, కస్టమర్ల వివరాలు లేకుండా, జతచేస్తే తర్వాత ఏ పత్రం మీద పని చేయాలో కలిసి చూద్దాం.